సీసాలో వాన, సీసాలో మట్టి

1966 జూలై. గ్రీన్‌లాండ్ వాయవ్య మూల. మంచును నిలువునా తవ్వి, పైన కప్పు వేసిన ఓ పొడవాటి కందకం. బయట సూర్యుడు అస్తమించడం మానేసి రెండు నెలలు దాటింది. లోపల మాత్రం ఎప్పుడూ కరెంటు దీపాల వెలుతురే. పగలో రాత్రో తెలియాలంటే గడియారం చూసుకోవాలి. గోడలు మంచువి, నేల మంచుది. అంతటా డీజిల్ వాసన.

కందకం నడుమ ఇనుప చట్రం మీదుగా ఓ కేబుల్ నేలలోని రంధ్రంలోకి దిగుతోంది. రంధ్రం లోతు 1,300 మీటర్లు దాటింది. కేబుల్ చివర ఎనభై అడుగులకు పైగా పొడవు, టన్నుకు పైగా బరువు ఉన్న డ్రిల్లు వేలాడుతోంది. దింపిన ప్రతిసారీ అది కొంత మంచును గుండ్రటి కడ్డీలా కోసి తన కడుపులో దాచుకుంటుంది. దాన్ని పైదాకా లాగాలి. కడ్డీ తీయాలి, కొలవాలి, నంబరు వేయాలి, పెట్టెలో సర్దాలి. మళ్లీ దింపాలి. కిలోమీటరు పైచిలుకు కిందికి, కిలోమీటరు పైచిలుకు పైకి. రోజూ ఇదే పని.

మన దగ్గర బోరు వేయించే రైతు రిగ్గు పక్కన నిలబడి నీటి చెమ్మ కోసం చూస్తాడు. అడుగు అడుగుకీ బిల్లు పెరుగుతుంటుంది. బండ తగిలిందంటే అతని గుండె జారిపోతుంది. ఆ కందకంలో నిలబడ్డవాళ్లు మాత్రం బండ తగలాలనే ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు.

ఆ జూలైలో తగిలింది. 1,387 మీటర్ల దగ్గర మంచు అయిపోయింది. భూమ్మీద ఓ మహా హిమఫలకాన్ని పైనుంచి అడుగుదాకా మనుషులు తొలిసారి ఛేదించారు. ఐస్ కోర్ అని ఇంగ్లిష్‌లో పిలిచే ఆ మంచు కడ్డీ అప్పటికి ప్రపంచంలోకెల్లా పొడవైనది. పని అక్కడితో ముగిసిందనుకుని డ్రిల్లును పైకి లాగేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. వాళ్లు లాగలేదు. అడుగున గడ్డకట్టిన నేలలోకి ఇంకో మూడున్నర మీటర్లు దింపారు. రాళ్లు, ఇసుక, బంకమట్టి కలిసి బిగుసుకుపోయిన ముద్ద పైకొచ్చింది. దాన్నీ ముక్కలు చేసి, నంబరు వేసి, భద్రంగా పెట్టారు.

ఆ మట్టితో అప్పుడు ఎవరికీ పెద్దగా పని లేదు. అది తన సంగతి చెప్పడానికి ఇంకో అర్ధశతాబ్దం పట్టింది.

* * *

ముందు ఆ కందకం ఎవరిదో చెప్పాలి.

గ్రీన్‌లాండ్ ప్రపంచంలోకెల్లా పెద్ద దీవి. ఐదింట నాలుగు వంతులు మంచు దుప్పటి కిందే ఉంది. డెన్మార్క్ ఏలుబడిలో ఉన్న ఈ దీవి మీద, ప్రచ్ఛన్నయుద్ధం వేడెక్కుతున్న రోజుల్లో, అమెరికా కన్ను పడింది. సోవియట్ యూనియన్‌కు ఉత్తర ధ్రువం మీదుగా పోతే దగ్గరి దారి ఇదే. 1951లో వాయవ్య తీరాన థూలే వైమానిక స్థావరం వెలిసింది. రెండేళ్లకు, 1953లో, అక్కడ సీల్‌లనూ వాల్రస్‌లనూ వేటాడుకుంటూ తరతరాలుగా బతుకుతున్న ఇనుఘుయిట్ కుటుంబాలను ఖాళీ చేయించి ఉత్తరాన కానాక్‌కు పంపేశారు. వాళ్ల ఊరి పేరు పిటుఫిక్. ఆ పేరు 2023లో స్థావరానికి అధికారికంగా తిరిగొచ్చింది. ఊరు తిరిగి రాలేదు. మంచు పరిశోధన చరిత్ర రాసేటప్పుడు ఈ కుటుంబాల ముచ్చట పక్కన వదిలేస్తుంటారు. ఆ బోరు కోసం వచ్చిన ప్రతి ఇనుప ముక్కా దిగింది వాళ్ల నేల మీదనే.

థూలే నుంచి 240 కిలోమీటర్ల దూరాన, హిమఫలకం మీద, 1959లో అమెరికా సైన్యం మరో పని మొదలుపెట్టింది. స్విట్జర్లాండ్‌లో తయారైన మంచు తవ్వే యంత్రాలతో బారులు బారులుగా కందకాలు తీసి, వాటిమీద ఉక్కు కమానులు పరిచి, మళ్లీ మంచు కప్పేశారు. లోపల చెక్క ఇళ్లు కట్టారు. మంచు అంచు నుంచి 100 మైళ్ల దూరాన కట్టాలని మొదట అనుకున్నారు కాబట్టి దానికి క్యాంప్ సెంచరీ అని పేరు పెట్టారు. రెండు వందల మంది దాకా ఉండొచ్చు. ఆస్పత్రి, గ్రంథాలయం, సినిమా హాలు, ప్రార్థనా మందిరం, క్షవరశాల అన్నీ మంచు కిందే. 1960లో ఓ చిన్న అణు రియాక్టర్‌ను విడిభాగాలుగా స్లెడ్జీల మీద లాక్కొచ్చి బిగించారు. ఆవిరితో మంచును కరిగించి అక్కడే బావి చేసుకుని ఆ నీళ్లే తాగారు. ఎన్నో ఏళ్ల కిందట కురిసిన మంచు అది.

సైన్యం దీన్ని దాచలేదు. సినిమా తీసి మరీ చూపించింది. అమెరికా నుంచి ఒకరు, డెన్మార్క్ నుంచి ఒకరు, ఇద్దరు స్కౌట్ కుర్రాళ్లు 1960 చలికాలమంతా అక్కడే గడిపారు. ధ్రువ ప్రాంతాల్లో బతకడమెలాగో నేర్చుకునే పరిశోధన కేంద్రమని చెప్పారు. అబద్ధం కాదు, నిజంలో ఓ ముక్క. అసలు ఆలోచన పేరు ప్రాజెక్ట్ ఐస్‌వర్మ్. మంచు కింద వేల కిలోమీటర్ల సొరంగాలు తవ్వి, వాటిలో 600 అణు క్షిపణులను రైళ్ల మీద తిప్పుతూ దాచాలని. ఈ ప్రణాళిక డెన్మార్క్ ప్రజలకు తెలిసింది 1997లో.

ఆ ప్రణాళికను భగ్నం చేసింది రష్యా గూఢచారులు కాదు, మంచే. చూడ్డానికి రాయిలా ఉన్నా మంచు పారుతుంది. చాలా నెమ్మదిగా, చిక్కటి పాకంలా. కందకాల గోడలు లోపలికి ఉబ్బుకొచ్చేవి, కప్పులు కుంగేవి. సైనికులు నెలనెలా టన్నుల కొద్దీ మంచును గోడల నుంచి చెక్కి బయట పారబోయాల్సి వచ్చేది. రంపం ఆపితే ఊరు నలిగిపోతుంది. 1963 వేసవిలో రియాక్టర్‌ను ఆపేశారు, మరుసటేడు విప్పి తీసుకెళ్లారు. ఆ తర్వాత క్యాంపులో మనుషులు ఉన్నది వేసవుల్లోనే. బోరు చివరి మీటర్లు సాగింది చావుకు దగ్గరపడ్డ ఊళ్లో.

* * *

ఈ కథకు ఇంకో మొదలు ఉంది. అది కోపెన్‌హాగన్‌లో, ఓ ఇంటి పెరట్లో.

1952 జూన్ 21, శనివారం. బయట వాన. విలి డాన్స్‌గార్డ్ అనే ఇరవై తొమ్మిదేళ్ల భౌతిక శాస్త్రవేత్త పెరట్లోని గడ్డిమీద ఖాళీ బీరు సీసా నిలబెట్టి, దాని మూతిలో గరాటు గుచ్చాడు. ఆ వాన మామూలు జల్లు కాదు. గంటల తరబడి కురిసిన ఓ పెద్ద వాయుగుండపు వాన. సీసా నిండేకొద్దీ మార్చి మార్చి పెడుతూ వాననంతా వరుసగా పట్టాడు. ఇంట్లో గిన్నెలూ కుండలూ కూడా వాననీళ్లకే వచ్చాయంటారు. 

ఎందుకంటే విశ్వవిద్యాలయంలో, జీవశాస్త్ర పరిశోధనల కోసం తెచ్చిన ఓ యంత్రం అతని చేతిలో ఉంది. మాస్ స్పెక్ట్రోమీటర్. పరమాణువుల బరువును వేరుచేసి చూపే తక్కెడ. నీటిలో ఉండే ఆక్సిజన్ అంతా ఒకే బరువు కాదు. దాదాపు 500 పరమాణువుల్లో ఒకటి కాస్త బరువైనది, ఆక్సిజన్-18. మేఘం చల్లబడే కొద్దీ బరువైన నీరు ముందుగా రాలిపోతుంది, తేలికది మిగులుతుంది. కాబట్టి ఎంత చల్లటి మేఘం నుంచి కురిస్తే ఆ నీరు అంత తేలిక. అంటే ప్రతి వానచుక్కా, ప్రతి మంచు రేకూ తను పుట్టిన చోటి చలిని ఒంట్లో మోసుకొస్తుంది.

పెరటి సీసాలు అదే చెప్పాయి. డాన్స్‌గార్డ్ అక్కడ ఆగిపోయి ఉంటే అదో మంచి వాన పరిశోధన అయ్యేది. అయితే అతను 1947–48లో భార్య ఇంగేతో కలిసి గ్రీన్‌లాండ్ పశ్చిమ తీరంలోని డిస్కో దీవిలో ఏడాది పాటు ఉండి వచ్చినవాడు. అయస్కాంత పరిశోధనశాల కొలువు. ఆ మంచును కళ్లారా చూసినవాడికి ఆలోచన ఇంకో మలుపు తిరిగింది. వాన ఇంకిపోతుంది. గ్రీన్‌లాండ్‌లో కురిసిన మంచు ఎక్కడికీ పోదు. ఏటేటా పొర మీద పొరగా పేరుకుని, పైబరువుకు నలిగి గట్టి మంచవుతుంది. అయితే వేల ఏళ్ల నాటి చలి, వేడి అందులో అలాగే ఉండాలి కదా? 1954లోనే ఈ మాట అచ్చులో పెట్టాడు. చేతిలో మాత్రం లోతైన మంచు లేదు.

మంచు పొరలను చదవొచ్చని అంతకుముందే ఒకరు కష్టపడి చూపించారు. 1930–31 చలికాలంలో, గ్రీన్‌లాండ్ నడిబొడ్డున ఐస్‌మిట్టె అనే చోట, ముగ్గురు జర్మన్ శాస్త్రవేత్తలు మంచులో తవ్వుకున్న గుహలో బతికారు. వాళ్లలో ఎర్నెస్ట్ జోర్గె 15 మీటర్ల లోతుకు చేతితో గొయ్యి తవ్వి, ఒక్కో ఏటి మంచు ఎలా అణగుతుందో కొలిచాడు. పక్కనే ఫ్రిట్జ్ లోవె, మంచుకు కుళ్లిన కాలివేళ్లను జేబు కత్తితో తీయించుకుని పడుకున్నాడు. మత్తు మందు లేదు. వాళ్లకు సామాను చేర్చాలని బయల్దేరి వచ్చి, తిరుగుదారి పట్టిన ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ ఇల్లు చేరలేదు. ఖండాలు కదులుతాయని చెప్పిన వెగెనర్ ఆయనే.

15 మీటర్లు చేత్తో తవ్వొచ్చు. 1,387 మీటర్లకు సైన్యం డబ్బు కావాల్సి వచ్చింది.

* * *

అమెరికా సైన్యపు మంచు పరిశోధనశాలలో హెన్రీ బాడర్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఉండేవాడు. మంచులోకి లోతుగా బోరు వేయాలని పట్టుబట్టినవాడు ఆయనే. 1957లో గ్రీన్‌లాండ్‌లోని సైట్-2 అనే చోట 411 మీటర్ల దాకా వెళ్లారు. ఆ కడ్డీని మంచుగదిలో కూర్చుని పొరపొరా పరిశీలించిన కుర్రవాడు చెస్టర్ లాంగ్‌వే. తర్వాత క్యాంప్ సెంచరీ మంచుకు కాపలాదారు ఆయనే అయ్యాడు.

బోరు వేసే బాధ్యత లైల్ హాన్సెన్, హెర్బ్ ఉయెదా అనే ఇంజినీర్ల మీద పడింది. మొదట వేడి డ్రిల్లు వాడారు. దాని మూతి దగ్గర కాలే ఉంగరం ఉంటుంది, అది చుట్టూ మంచును కరిగిస్తూ నడుమ కడ్డీని మిగులుస్తుంది. మొదటి రెండు బోర్లు మధ్యలోనే ఆగిపోయాయి. మూడోది 535 మీటర్ల దాకా వెళ్లింది, ఆపైన ఆ యంత్రంతో కాలేదు.

వాళ్లకు కావలసింది అమెరికాలోనే, చమురు బావుల మధ్య దొరికింది. ఆర్మీనియా మూలాలున్న అర్మైస్ అరుతునోఫ్, రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చి ఓక్లహోమాలో స్థిరపడ్డాడు. బావిలో మునిగి పనిచేసే ఎలక్ట్రిక్ పంపును కనిపెట్టాడు. మన పొలాల్లో ఇవాళ బోరుబావుల్లో దిగిన సబ్‌మెర్సిబుల్ మోటార్లకు పెద్దతాత లాంటిది అది. మోటారును పైన పెట్టి పొడవాటి కడ్డీని తిప్పే బదులు, మోటారునే కేబుల్‌కు కట్టి కిందికి దింపే డ్రిల్లు కూడా ఆయన చేశాడు. పాతబడిన అలాంటి డ్రిల్లును సైన్యం పరిశోధనశాల కొని, మంచుకు తగ్గట్టు మార్చుకుంది.

రాయిని తొలిచే యంత్రం మంచులో మొరాయిస్తుంది. పొడి మంచు రేణువులు డ్రిల్లు చుట్టూ చేరి బిగుసుకుపోతాయి. అందుకని గ్లైకాల్ ద్రావణం పంపి ఆ పొడిని కరిగించారు. రెండో గండం ఇంకా పెద్దది. కిలోమీటరు లోతున ఖాళీ రంధ్రాన్ని చుట్టూ ఉన్న మంచు పిసికి మూసేస్తుంది, కందకాల గోడలను నొక్కినట్టే. అలా కాకుండా రంధ్రాన్ని మంచుతో సమానంగా బరువు తూగే ద్రవంతో నింపాలి. డీజిల్‌లో ట్రైక్లోరోఇథిలిన్ కలిపి పోశారు. ఆ కందకంలో అంతటా డీజిల్ వాసన అందుకే. ఆ విషపు ద్రవం ఈనాటికీ ఆ మంచులోనే ఉంది. విజ్ఞానం తన పాదముద్రను అక్కడ వదిలింది, దాన్ని దాచిపెట్టి కథ చెప్పడం నాకు ఇష్టం లేదు.

పైన ఏడాది సగటు ఉష్ణోగ్రత మైనస్ 24 డిగ్రీలు. అడుగున, భూమి లోపలి వేడి వల్ల, మైనస్ 13. అంటే అడుగు కూడా గడ్డకట్టే ఉంది. ఇదెంత అదృష్టమో అప్పుడు వాళ్లకు తెలిసే అవకాశం లేదు. అడుగున మంచు కరిగి జారే చోటైతే కింద నేలంతా కొట్టుకుపోయేది. ఇక్కడ మంచు నేలకు అతుక్కుపోయి ఉంది. కింద ఏముందో అది ఉన్నచోటే ఉంది.

* * *

1964లో డాన్స్‌గార్డ్ స్వయంగా క్యాంప్ సెంచరీకి వచ్చి పనిచేసి వెళ్లాడు. బోరు అడుగుదాకా వెళ్లిందని తెలిశాక లాంగ్‌వేకు రాశాడు: మీ కడ్డీలో ఆక్సిజన్-18ను పైనుంచి కిందిదాకా మేం కొలుస్తాం. కడ్డీ అమెరికాది, తక్కెడ కోపెన్‌హాగన్‌ది. లాంగ్‌వే సరేనన్నాడు. సైన్యపు సొమ్ముతో తీసిన మంచును ఓ విదేశీ విశ్వవిద్యాలయం చేతిలో పెట్టడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఈ కథలో నాకు అత్యంత ఇష్టమైన సంతకం అది.

మంచు ముక్కలు కోపెన్‌హాగన్ చేరాయి. ఒక్కో ముక్కనూ కరిగించి, తక్కెడలో తూచి, అంకె రాసుకుని, తర్వాతి ముక్క. డాన్స్‌గార్డ్ పక్కన ఐస్‌లాండ్ కుర్రాడు సిగ్‌ఫుస్ యోన్‌సెన్. లోతు పెరిగేకొద్దీ మంచు వయసెంతో లెక్కకట్టే గణితం అతని భుజాల మీద పడింది. ముందుగా తెలిసిన కాలాలు వచ్చాయి. యూరప్‌ను చలికి వణికించిన కొన్ని శతాబ్దాలు గీతలో లోయలా కనిపించాయి. ఇంకా కిందికి వెళ్తే, పదకొండు వేల ఏళ్ల నాటి అంచు దగ్గర గీత ఒక్కసారిగా కూలిపోయింది. అదే మంచుయుగం. పొర దాటి అవతలికి అడుగుపెట్టారు.

1969లో 'సైన్స్' పత్రికలో వ్యాసం వచ్చింది. వెయ్యి శతాబ్దాల వాతావరణ చరిత్ర అని శీర్షికలోనే ఉంది. లక్ష ఏళ్ల చలి, వేడి ఒకే ఒక్క గీతలో అచ్చయ్యాయి. అందులో ఎవరూ ఊహించనిది ఇంకొకటి ఉంది. మంచుయుగమంతా ఒకే తీరున చల్లగా లేదు. మధ్యమధ్యలో ఉష్ణోగ్రత ఎగిసిపడింది. వేల ఏళ్లలో నింపాదిగా మారాల్సిన వాతావరణం కొన్ని దశాబ్దాల్లోనే మారిపోయినట్టు గుర్తులున్నాయి. ఒక్క బోరులో కనిపించినదాన్ని నమ్మడానికి చాలామంది వెనకాడారు. 1981లో గ్రీన్‌లాండ్ దక్షిణాన డై-3 దగ్గర తీసిన కడ్డీలోనూ అవే ఎగుడుదిగుళ్లు వచ్చాక సందేహం తీరింది. ఇప్పుడు వాటికి డాన్స్‌గార్డ్ పేరూ, స్విట్జర్లాండ్‌కు చెందిన హాన్స్ ఓష్గర్ పేరూ కలిపి పెట్టారు.

ఇంతలో ఆ డ్రిల్లును అంటార్కిటికాకు తీసుకెళ్లారు. 1968లో బైర్డ్ స్టేషన్ దగ్గర 2,164 మీటర్లు దిగి అక్కడా అడుగు తాకింది. మరుసటేడు లోతున ఇరుక్కుని ఇక పైకి రాలేదు. క్యాంప్ సెంచరీని 1967 నాటికి వదిలేశారు. డీజిల్, మురుగునీరు, చెత్త, మిగిలినదంతా అక్కడే వదిలేశారు. మంచు అన్నిటినీ శాశ్వతంగా కప్పేస్తుందని వాళ్ల నమ్మకం.

* * *

మట్టి మాటేమిటి?

మంచు ప్రపంచ ప్రసిద్ధమైంది. మట్టి పెట్టెల్లోనే ఉండిపోయింది. సైన్యం పరిశోధనశాల నుంచి, 1970ల్లో లాంగ్‌వే వెంట బఫెలో నగరంలోని విశ్వవిద్యాలయానికి వెళ్లింది. 1990ల్లో అక్కడ సర్దేటప్పుడు కోపెన్‌హాగన్ చేరింది. ఫ్రీజరు నుంచి ఫ్రీజరుకు, ఖండం నుంచి ఖండానికి. కరగనివ్వకుండా, కరెంటు పోనివ్వకుండా, చిల్లు పడనివ్వకుండా ఎవరెవరో చూసుకున్నారు. వాళ్ల పేర్లు ఏ వ్యాసంలోనూ ఉండవు. ఎప్పుడో ఎవరికో పనికొస్తుందేమోనని ఓ సీసాను పారేయకుండా ఉంచిన మనిషిని నేను గౌరవిస్తాను.

2017లో కోపెన్‌హాగన్‌లో ఆ ఫ్రీజరును ఖాళీ చేసి కొత్తచోటికి మార్చాల్సి వచ్చింది. యోర్గెన్ పేదర్ స్టెఫెన్‌సెన్ అనే మంచు శాస్త్రవేత్త బృందం పెట్టెలు సర్దుతోంది. అందులో గాజు సీసాలు కనిపించాయి. లోపల గడ్డకట్టిన మట్టి ముక్కలు. లేబుల్ మీద క్యాంప్ సెంచరీ పేరు. మంచు కింది మట్టి అని రాసి ఉంది. పోయిందనుకున్నది అరల వెనక కూర్చుని ఉంది.

2019లో ఆ ముక్కల్లో కొన్ని అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి వెళ్లాయి. పాల్ బీర్మన్, ఆండ్రూ క్రైస్ట్ వాటిని కరిగించి కడిగారు. అడుగున ఇసుక కూర్చుంటుంది, అది తెలిసిన పనే. పైన మాత్రం నల్లటి నలుసులు తేలాయి. మట్టి కడిగే నీళ్ల మీద నలుసు తేలితే ఎవరైనా ఊది పారబోస్తారు. వాళ్లు సూక్ష్మదర్శిని కింద పెట్టారు.

పుల్లలు. నాచు కాడలు. ఆకు తునకలు.

హిమఫలకం అంటే కొండను అరగదీసే గానుగ. దాని కింద ఆకు ఆనవాలు మిగలడం ఎవరూ అనుకోనిది. అయినా ఈనెలు, కణాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. మైనస్ 13 డిగ్రీల దగ్గర అతుక్కుపోయిన అడుగు చేసిన పని అది. ఒకప్పుడు ఈ చోట మంచు లేదు. నేల ఉంది, దాని మీద చిన్నచిన్న మొక్కలున్నాయి. వాటి మీద ఎండ పడింది.

ఎప్పుడు? ఎండ పడినప్పటి సంగతి చెప్పగల గడియారం ఇసుక రేణువులోనే ఉంటుంది. చీకట్లో పూడిన రేణువు చుట్టుపక్కల రేడియోధార్మికత నుంచి శక్తిని కొంచెం కొంచెంగా పోగుచేసుకుంటుంది. మళ్లీ వెలుతురు తగిలితే ఆ శక్తి ఓ మెరుపుగా బయటికొచ్చి ఖాతా సున్నా అవుతుంది. కాబట్టి వయసు కనిపెట్టేదాకా రేణువుకు వెలుతురు చూపకూడదు. యూటాలో టామీ రిట్టెనోర్ తన పరిశోధనశాలలో, ఫోటోలు కడిగే చీకటిగది లాంటి మసక వెలుతురులో ఆ పని చేసింది. 1966 నుంచి ఎందరి చేతులు మారినా గడ్డకట్టిన ముక్క నడుమ భాగం వెలుతురు చూడలేదు. 

2023లో జవాబు అచ్చయింది. ఆ ఇసుక చివరిసారి వెలుతురు చూసింది 4,16,000 ఏళ్ల కిందట, 38,000 ఏళ్లు అటూఇటూగా. అంతకుముందు, 2021లో వేరే పద్ధతితో చేసిన లెక్క గత పది లక్షల ఏళ్లలో ఒక్కసారైనా అక్కడ మంచు కరిగిందని మాత్రమే చెప్పింది. ఇప్పుడు తేదీ దొరికింది. అదో సుదీర్ఘమైన వెచ్చటి కాలం. అప్పుడు గాలిలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్లలో దాదాపు 280 మాత్రమే. ఇప్పుడు 420 దాటింది. అంత తక్కువ వాయువుతోనే, వేల ఏళ్లు నిలిచిన కొద్దిపాటి వెచ్చదనానికే, ఆ మంచు కరిగింది. ఆ కరుగుడు వల్ల సముద్రమట్టం కనీసం 1.4 మీటర్లు పెరిగిందని బృందం అంచనా కట్టింది.

ఇక్కడ మన తీరం గురించి ఓ మాట చెప్పాలి. గ్రీన్‌లాండ్ మంచు ఎంత భారీదంటే, ఆకర్షణతో చుట్టూ ఉన్న సముద్రాన్ని తన వైపు లాగి ఉంచుతుంది. అది కరిగితే ఆ పట్టు సడలుతుంది. గ్రీన్‌లాండ్ పక్కన నీటి మట్టం తగ్గుతుంది. దూరాన, వెచ్చటి సముద్రాల్లో సగటుకన్నా కాస్త ఎక్కువే పెరుగుతుంది. ఆ దూరపు తీరాల్లో మనదీ ఒకటి. కోనసీమలో, దివిసీమలో సముద్రానికి పెద్దగా ఎత్తులేని నేల మీదే ఊళ్లున్నాయి. 1977 ఉప్పెన చూసిన దివిసీమవాళ్లకు మీటరున్నర నీళ్లంటే ఏమిటో ఇంకొకరు విడమరచి చెప్పనక్కర్లేదు.

క్యాంప్ సెంచరీ మీద మంచు కూడా శాశ్వతం కాదని 2016లో ఓ అధ్యయనం లెక్కకట్టింది. ఇలాగే వేడెక్కితే 2090 నాటికి అక్కడ కురిసే మంచుకన్నా కరిగేది ఎక్కువ కావచ్చు. ఆ తర్వాత ఎప్పటికో కింద వదిలేసినవన్నీ బయటపడే దారి పడుతుంది. 2024 ఏప్రిల్‌లో నాసా విమానం ఒకటి వేరే పనిమీద రాడార్‌తో ఆ ప్రాంతం మీదుగా పోతుంటే, మంచు కింద ఆ ఊరి కందకాలు గీతలు గీసినట్టు తెర మీద కనిపించాయి. 

అదే ఏడాది ఆగస్టులో ఇంకో మట్టి సంగతి అచ్చయింది. ఇది గ్రీన్‌లాండ్ నడినెత్తిన, 1993లో 3,053 మీటర్లు దిగిన జిస్ప్-2 అనే బోరు అడుగుది. మూడు అంగుళాల మట్టి. ముప్పై ఏళ్లుగా కొలరాడోలోని మంచుగదిలో ఉంది. తీర అంచు సరే, దీవి నట్టనడుమ మంచు ఎప్పుడూ కరగలేదనే భరోసా చాలామందికి అప్పటిదాకా ఉండేది. బీర్మన్ బృందం దీన్నీ కడిగింది. నీళ్ల మీద మళ్లీ నల్లటి నలుసులు తేలాయి. విల్లో చెట్టు చెక్క తునక ఒకటి. ఓ కీటకం కన్ను. ఇంకొకటి గింజ.

ఆర్కిటిక్ పాపీ గింజ. మన వంటింటి గసగసాలకు దగ్గరి చుట్టం. గసగసాల డబ్బాలో వేలు ముంచి తీస్తే కొసకు అంటుకునే ఒక్క గింజంత ఉంటుంది. అది రాలిన మొక్క ఎండలో పువ్వు విప్పింది, ఇవాళ మూడు కిలోమీటర్ల మందాన మంచు ఉన్న చోటే.